పోచంపల్లి పేరు ఎవరి సొత్తు?

పెళ్లిళ్ల సీజన్ రాగానే ప్రింట్ చీరల గొడవ మళ్లీ మొదలైంది. మిల్లు బట్ట మీద ఇక్కత్ (నూలుకే ముందుగా రంగులేసి నేసే) బొమ్మలు అచ్చేసి ‘పోచంపల్లి’ అని అంటగడుతున్నారని నేతన్నల కోపం. వినోబా రాక, భూదానం అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోకుండా 2004-05 దగ్గర ఆగుదాం.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఆ ప్రాంతం సరుకుకే ఆ పేరు) దక్కింది అప్పుడే. (2016లో జిల్లా మారింది గానీ, మా నోట్లో పోచంపల్లి ఇంకా నల్లగొండదే.) దరఖాస్తు పెట్టింది నేత కార్మికుల సహకార సంఘం ఒక్కటే కాదు, పట్టుచీరల తయారీదారుల సంఘం కూడా. మగ్గం గుంటలో కూర్చునేవాళ్లూ, చీరలు నేయించి అమ్ముకునేవాళ్లూ ఒకే కాగితం మీద ఈ పేరు మనందరిదీ అన్నారు. అంతకుముందు నకిలీ అమ్మితే మనసు ఒప్పుకోవాలి, అంతే. గుర్తింపు వచ్చాక అది 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు పడే నేరం.

వ్యాపారుల వాదన చిన్నదే: తక్కువ ధరలో అడిగేవాళ్లకు ఏం చూపించాలి? మేం అనేది ‘పోచంపల్లి డిజైన్’ అని కదా! ఆ ‘డిజైన్’ కొనేవాళ్ల చెవిన ఎంత మెల్లగా పడుతుందో వాళ్లకే తెలియాలి.

నేసే ఇంట్లో లెక్క వేరు. నూలును ముందే ఆసు పోసి (మేకుల చట్రం మీద అటూ ఇటూ చుట్టి), రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు పట్టీలతో చిటికి (ముడి) కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకు మళ్లీ కట్టాలి. ఒక్క చీర ఆసుకే చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. లాభం చూసుకుని దిగి ఉంటే మధ్యలోనే వదిలేసేవారేమో. ఆ నొప్పిని ఇంట్లో చూసినవాళ్లకు ప్రింటును పోచంపల్లి అనడానికి నోరెలా వస్తుంది?

తేడా చెప్పడం కష్టమేమీ కాదు. ఇక్కత్‌లో రంగు నూలుకే పడుతుంది కాబట్టి చీర తిరగేసినా బొమ్మ అలాగే ఉంటుంది, దాని అంచు కొంచెం చెదిరినట్టు కనిపిస్తుంది. ప్రింటుకు చాలావరకు వెనకవైపు వెలవెలబోతుంది. తిరగేసి చూపించే షాపులూ ఉన్నాయి. బేరం పోతుందన్న టెన్షన్ ఉన్నచోట మాత్రం చీర మడత సగమే విప్పుతారు.