గోడ మీద మళ్లీ రాయి

హన్మకొండలో మా పాత ఇంటికి ఏటా దసరా ముందు సున్నం వేసేవాళ్లం. బాపు గడ్డ సున్నం తెచ్చి పెరట్లో గోళెంలో వేసి నీళ్లు పోస్తే, కాసేపు ఏమీ జరగనట్టే ఉండి, ఆ తర్వాత గడ్డలు టప్‌టప్‌మని పగిలి, ఆవిర్లు కక్కుతూ నీళ్లు కుతకుత ఉడికేవి. కింద మంట ఉండదు. "దూరం జరుగుండ్రి, కండ్లల్ల పడితే కండ్లు పోతయ్" అని అవ్వ అరిచేది. నిజంగానే పోతాయి, పిల్లల్ని అక్కడికి రానివ్వొద్దు.

సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి గడ్డ సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, మిగులుతుంది. 100 కిలోల మంచి రాయి కాలిస్తే మిగిలేది 56 కిలోలే, 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి. మంచిర్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లోనూ రాయికి మొదట జరిగేది ఇదే. ఈ గడ్డకు నీళ్లంటే ఎంత ఆత్రమంటే, కిలో సున్నం నీళ్లతో కలిసినప్పుడు వచ్చే వేడికి మూడు లీటర్లకు పైగా నీళ్లు మరుగుతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ తర్వాతి సంగతి. కుంచెతో వేసినప్పుడు సున్నం పలచగా, గోడ కనబడేలా ఉంటుంది, సరిగ్గా వేయలేదేమో అనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. నీళ్లు ఆరడం ఒక్కటే కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా కూడా మారుతుందన్న మాట. గోళెంలో మిగిలిన సున్నపు తేట మీద మర్నాటికి పల్చటి గాజు రేకులాంటి పొర కడుతుంది, వేలితో తాకితే పెళుసుగా విరుగుతుంది, అదీ ఆ రాయే.

ఇంత సున్నం వాడినా కాల్షియం లోహాన్ని మనలో ఎవరూ చూసి ఉండరు. వెండిలా మెరుస్తుంది, కానీ గాలి, నీళ్లు తగిలితే అలా ఉండదు. బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం అనే ఈ ఆరింటినీ క్షారమృత్తిక లోహాలంటారు. ప్రతి పరమాణువుకూ చివరి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లుంటాయి, వాటిని వదిలించుకోవడమే వాటి పని. ఈ వరసలో బెరీలియం నుంచి కిందికి పోయేకొద్దీ పరమాణువు పెద్దదై, ఆ రెండింటి మీద కేంద్రకం పట్టు సడలుతుంది. అందుకే బెరీలియం నీళ్లకు చలించదు, మెగ్నీషియానికి వేడి ఆవిరి కావాలి, కాల్షియం ముక్క చన్నీళ్లలోనే హైడ్రోజన్ బుడగలు వదులుతూ, ఆ బుడగలే లేపితే పైకి తేలుతూ, నీళ్లను పాలలా చేస్తుంది. బేరియం ఇంకా దూకుడు. 1808లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త కరెంటు పెట్టి బలవంతంగా ఎలక్ట్రాన్లు తిరిగిస్తే గానీ మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం లోహాలుగా బయటపడలేదు.

బేరియం సంగతి ఒకటి చెప్పాలి. నీటిలో కరిగే దాని లవణాలు విషం. అయినా కడుపు ఎక్స్‌రేకి ముందు బేరియం సల్ఫేట్ తాగిస్తారు, ఎందుకంటే అది కరగదు, ఎలా వెళ్లింది అలాగే బయటికొస్తుంది.

ఇప్పుడు ఇంటికి సున్నం వేయట్లేదు, పెయింటే. కాల్షియం మాత్రం బోరు నీళ్లలో వస్తూనే ఉంది. "బోరు నీళ్లల్ల పప్పు ఉడకది" అని అవ్వ ఊరికే అనలేదు, బద్దలోని కణాలను జిగురులా అతికించి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం గట్టిగా పట్టుకుంటే బద్ద మెత్తబడదు. సబ్బు నురగ రాక తెట్టు కట్టడం, హీటర్ రాడ్డుకు తెల్లటి పెచ్చు పట్టడం కూడా దీని పనే, నీళ్లు వేడెక్కగానే కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ విడిపోయి రాయిగా పేరుకుంటుంది. ప్లగ్ తీసి, రాడ్డు చల్లారాక, ఊడిన పెచ్చు ముక్క మీద నిమ్మకాయ పిండి చూడండి. సన్నగా బుస్సుమని పొంగుతుంది. బట్టీలో వెళ్లిపోయింది ఆ గాలే.