ఎయిర్‌పోర్టు చాక్లెట్లు: కౌంటర్ అవతలి అపోహలు, ఇవతలి వాస్తవాలు

విమానానికి టైమైపోతున్న వాళ్లకి చాక్లెట్లు అమ్మడం నా పని. తొందరలో ఉన్నవాళ్లు పెట్టె ముందువైపు చూసి కొంటారు. అసలు సంగతంతా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోజూ వినే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: డ్యూటీ ఫ్రీ అంటే చవకే.

మద్యం, సిగరెట్ల విషయంలో ఇది చాలావరకు నిజం. వాటిమీద బయట పన్నులు భారీగా ఉంటాయి కాబట్టి, అవి తీసేస్తే తేడా బాగా తెలుస్తుంది. చాక్లెట్ మీద పన్ను మామూలుగా అంత ఉండదు. తగ్గే ఆ కాస్తా షాపు అద్దెకే సరిపోతుంది. చాలా ఎయిర్‌పోర్టుల్లో అద్దెతో పాటు అమ్మకాల్లో వాటా కూడా కట్టాలి, అదీ ధరలోకే వస్తుంది. అందుకే ఒక సరుకు ఊళ్లో కంటే తక్కువకి దొరికితే, పక్క అరలోదే ఎక్కువకి ఉండొచ్చు.

తేల్చుకోవాలంటే వంద గ్రాములకి ఎంత పడుతుందో చూడండి. ప్రయాణికుల కోసమే ప్రత్యేకంగా చేసిన ప్యాకులు బయట షాపుల్లో ఉండవు, కాబట్టి ధర పోల్చడం కష్టం. కంపెనీలకి కావాల్సిందీ కొంతవరకు అదే అని నా అనుమానం. పెద్ద పెట్టెలో సగం అట్ట, ప్లాస్టిక్ ట్రే ఉండొచ్చు. నెట్ వెయిట్ ఒక్కటే నమ్మండి. కార్డు గీసేటప్పుడు మెషీన్ ‘మీ దేశపు కరెన్సీలో కడతారా’ అని అడిగితే వద్దనండి, షాపున్న దేశపు కరెన్సీలో కట్టడమే దాదాపు ఎప్పుడూ లాభం.

అపోహ: తెల్లగా మారిన చాక్లెట్‌కి బూజు పట్టినట్టే.

ఇంటికెళ్లి పెట్టె తెరిచాక వచ్చే టెన్షన్ ఇది. చాలాసార్లు అది బూజు కాదు, ‘బ్లూమ్’. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎండలో ఉన్న కారులో మెత్తబడి మళ్లీ గట్టిపడితే, ఆ కొవ్వు పైకి తేలి బూడిదరంగు పొరలా కనిపిస్తుంది. తేమ తగిలితే ఇంకో రకం వస్తుంది: పైనున్న చక్కెర కరిగి, ఆరాక గరుగ్గా మిగులుతుంది. వేలితో రుద్ది చూడండి. కొవ్వు పొర కరిగిపోతుంది, చక్కెర పొర గరుకుగానే ఉంటుంది. రెండూ తినొచ్చు, రుచి, నునుపు మాత్రం కాస్త తగ్గుతాయి. ఎవరికైనా ఇవ్వడానికైతే బాగోదు, ఇంట్లో పాలల్లో కలిపేసుకోండి.

ఈ తేమ గొడవ ఎక్కువగా ఫ్రిజ్ వల్లే వస్తుంది. 15 నుంచి 18 డిగ్రీల మధ్య పొడిగా ఉన్న చోటు దొరికితే ఫ్రిజ్ అక్కర్లేదు. తప్పదనుకుంటే గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకండి.

అపోహ: చెక్-ఇన్ బ్యాగులో పెడితే పైన గాల్లో కరిగిపోతుంది.

పైన ఆ భయం అక్కర్లేదు. ప్రమాదమంతా కిందే, బ్యాగులు ఎండలో ట్రాలీ మీద ఆగినప్పుడు. చేతి బ్యాగే మేలు. గట్టి చాక్లెట్‌కి ద్రవపదార్థాల నిబంధన వర్తించదు. కానీ సీసాలో ఉండే చాక్లెట్ స్ప్రెడ్‌ని జెల్ కింద లెక్కేస్తారు. 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్న చోట అంతకంటే పెద్ద సీసా చెకింగ్ దాటదు. చెకింగ్ దాటాక స్ప్రెడ్ మా దగ్గర కొన్నా, మధ్యలో ఇంకో విమానం మారేటట్టయితే సీల్ చేసిన సంచిలో రసీదుతో సహా తీసుకోండి, చేరేదాకా విప్పకండి. లావుపాటి చాక్లెట్ దిమ్మలు ఎక్స్-రేలో దట్టంగా కనిపించి బ్యాగు విప్పిస్తాయి. బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది.

అపోహ: 70 శాతం డార్క్ అన్నీ ఒకటే.

ఆ 70లో కోకో పొడి భాగం, కోకో బటర్ రెండూ కలిసి ఉంటాయి. ఏది ఎంతో కంపెనీని బట్టి మారుతుంది, అందుకే ఒకటి చేదుగా, ఇంకోటి వెన్నలా ఉంటుంది. మిగిలిన 30లో ఎక్కువ భాగం చక్కెరే.

అపోహ: చాక్లెట్ అంటే ఎవరికైనా ఇవ్వొచ్చు.

మార్ష్‌మాలో (దూదిలాంటి మెత్తటి మిఠాయి) ఉంటే, జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. ఎర్రరంగులో ఇ120 అని ఉంటే అది పురుగుల నుంచి తీసినది. కొన్నింటి లోపల మద్యం పోస్తారు, పిల్లలున్న ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఇది తప్పక చూడాలి. గింజల అలర్జీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తేదీ కూడా చూడండి: క్రీమ్ నింపిన ట్రఫుల్స్ త్వరగా వాడాలి, నెల తర్వాత ఇచ్చేదైతే మామూలు బార్లే కొనండి.

అపోహ: విమానంలో ఉబ్బిన చిప్స్ ప్యాకెట్ పాడైనట్టే.

కాదు. క్యాబిన్‌లో గాలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండమీద ఉన్నంతే ఉంటుంది, అందుకే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. తెరిచేటప్పుడు మొహానికి దూరంగా పట్టుకోండి.

అపోహ: సీల్ ఉంటే ఏ దేశానికైనా పట్టుకెళ్లొచ్చు.

దిగే దేశపు రూల్సే లెక్క. లోపల బొమ్మ దాచిన కిండర్ సర్‌ప్రైజ్ చాక్లెట్ గుడ్లు అమెరికాలోకి రానివ్వరు. తినలేని వస్తువుని మిఠాయి లోపల పెట్టకూడదని అక్కడ 1938 నాటి చట్టం ఉంది. కిండర్ జాయ్‌తో ఆ ఇబ్బంది లేదు, అందులో బొమ్మ వేరే సగంలో ఉంటుంది.