సార్, స్వాప్ పనిచేస్తలేదు

హన్మకొండ, కాజీపేట వైపు ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా సీ ప్రోగ్రామింగ్ క్లాసులు మొదలైన కొన్నాళ్లకు ఈ మాట వినిపిస్తుంది: "సార్, స్వాప్ పనిచేస్తలేదు." రెండు అంకెలను తారుమారు చేసే చిన్న ఫంక్షన్ అది. 'ఏ' అనే వేరియబుల్‌లో 10, 'బీ'లో 20. ఫంక్షన్ లోపల ప్రింట్ చేస్తే 20, 10 అని సరిగ్గానే వస్తుంది. ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లోకి వచ్చి చూస్తే మళ్లీ 10, 20. తమాషా ఏమిటంటే, పరీక్షలో "కాల్ బై వాల్యూకు, కాల్ బై రిఫరెన్స్‌కు తేడాలు రాయండి" అని, అంటే విలువ కాపీని పంపడానికీ, విలువ ఉన్న చోటునే పంపడానికీ తేడా అడిగితే అదే పిల్లలు రెండు పేజీలు నింపేస్తారు.

అప్పుడు డెఫినిషన్ మళ్లీ చెప్పడం దండగ. ఒక్క లైను అదనంగా రాయిస్తే చాలు. వేరియబుల్ పేరు ముందు యాంపర్‌సాండ్ (&) పెట్టి, పర్సెంట్ పీ (%p)తో దాని అడ్రస్, అంటే మెమరీలో అది ఉన్న చోటు నంబర్, ప్రింట్ చేయించాలి. మెయిన్‌లో 'ఏ' వేరియబుల్‌ అడ్రస్ ఒకటి వస్తుంది, స్వాప్‌లో 'ఏ' అడ్రస్ ఇంకొకటి. పేరు ఒకటే, చోట్లు రెండు. ఫంక్షన్‌ను పిలవగానే 10, 20 స్టాక్ అనే మెమరీ భాగంలో కొత్త చోట కాపీ అయ్యాయి. తారుమారైనవి ఆ కాపీలే. ఫంక్షన్ అయిపోగానే వాటి పని కూడా అయిపోయింది. మెయిన్‌లోని విలువలు మారాలంటే వాటి అడ్రస్‌లనే పంపాలి. పాయింటర్ అంటే ఇంతే. దాన్ని ఏదో భూతంలా చూపించి చివరి యూనిట్లకు నెట్టడం నాకు నచ్చదు.

మర్నాడు "సార్, నిన్న వేరే నంబర్ వచ్చింది" అంటారు. రావాల్సిందే. దొంగదెబ్బ తీసే హ్యాకర్లకు చోటు ముందే తెలియకుండా ఆపరేటింగ్ సిస్టమే ప్రతిసారీ అడ్రస్‌లు మారుస్తుంది.

తర్వాత ఐదు ఇంట్‌ల (పూర్ణాంకాల) అర్రేలో, అంటే పక్కపక్కనే ఉండే విలువల వరసలో, ఒక్కోదాని అడ్రస్ ప్రింట్ చేయించండి. చివరి అంకెలు 0, 4, 8 అని వెళ్లి, ఆ తర్వాత సీ అక్షరం కనబడవచ్చు. అడ్రస్‌లు రాసే 16 గుర్తుల పద్ధతి హెక్సాడెసిమల్‌లో 12ను అలాగే రాస్తారు. ఒక్కో ఇంట్‌కు 4 బైట్లు పడుతున్నాయని కళ్లముందే తెలిసిపోతుంది. పాత టర్బో సీలో అయితే రెండేసి పెరుగుతాయి, అందులో ఇంట్ 2 బైట్లే. సీనియర్ల నోట్స్ బట్టీపట్టి వైవాలో "ఇంట్ 2 బైట్లు సార్" అనేవాళ్లు ఇందుకే దొరికిపోతారు.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం మన ఊరి పేరుతోనే. లైనక్స్ కంప్యూటర్‌లో 'వరంగల్' అని తెలుగులో రాసి, సీలో ఆ స్ట్రింగ్ (అక్షరాల వరస) పొడవు అడగండి. కంటికి కనబడేవి వ, రం, గ, ల్ అని నాలుగు. జవాబు మాత్రం 18! యూనికోడ్‌లో సున్నా, పొల్లు కూడా విడి గుర్తులే, కాబట్టి మొత్తం ఆరు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా బైటుతో కలిపి 19 బైట్ల చోటు ఉంచాలి. పది సరిపోతుందనుకుని పదే ఇస్తే, మిగతా బైట్లు పక్క వేరియబుల్ మీద పడవచ్చు.

ఇక హీప్, అంటే ప్రోగ్రాం నడుస్తుండగా కావలసినంత చోటు అడిగి తీసుకునే మెమరీ భాగం. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తాల తూకాలు దాచే ప్రోగ్రాం రాయాలనుకుందాం. ఎన్ని బస్తాలు వస్తాయో పొద్దున ఎవరికీ తెలియదు. ఎందుకైనా మంచిదని ఫంక్షన్ లోపల 30 లక్షల ఇంట్‌ల అర్రే పెట్టి అన్నిట్లో సున్నా నింపితే లైనక్స్‌లో 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ప్రోగ్రాం కూలిపోతుంది. అర్రేకు కోటీ 20 లక్షల బైట్లు కావాలి, స్టాక్‌కు మామూలుగా ఇచ్చేదేమో 8 ఎంబీ. అవే 30 లక్షలు మాలక్ అనే ఫంక్షన్‌తో హీప్‌లో అడిగితే ఇబ్బంది ఉండదు. పని అయ్యాక ఫ్రీ చేయడం, అంటే చోటు తిరిగిచ్చేయడం, మరిచిపోతే, ప్రోగ్రాం నడిచినంతసేపూ ఆ చోటు ఇరుక్కునే ఉంటుంది. ఫ్రీ చేసిన చోటును మళ్లీ చదవడం ఇంకా చేటు. ఒక్కోసారి పాత విలువే వస్తుంది, ఒక్కోసారి చెత్త. వెంటనే క్రాష్ అయితేనే నయం, తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

పైథాన్‌తో మొదలుపెట్టినవాళ్లు మాకు ఈ టెన్షన్ లేదంటారు. మెమరీ ఖాళీ చేసే పని పైథానే చూసుకుంటుంది, నిజమే. కానీ ఏ అనే లిస్టును బీకి ఈక్వల్ చేసి, బీలో ఒక అంకె చేర్చి, ఏను ప్రింట్ చేయమనండి. అక్కడా ఆ అంకె ప్రత్యక్షం! గుర్తింపు నంబర్ చెప్పే ఐడీ ఫంక్షన్‌తో చూస్తే రెండు పేర్లకూ ఒకే నంబర్ వస్తుంది, అంటే పేర్లు రెండు, లిస్టు ఒకటే. కాపీ చేసి చూస్తే వేరే నంబర్.