గురువారం దాకా ఆగలేని జ్వరం

మా గల్లీ క్లినిక్‌లో సాయంత్రం ఆరింటికి టోకెన్లు ఇస్తారు. నెలనెలా బీపీ చూపించుకునే పెద్దాయనకు 4వ నంబరు వస్తే, పొద్దుటి నుంచి ఒళ్లు కాలిపోతున్న పసిపాపకు 31 వస్తుంది. పెద్దాయన తప్పేమీ లేదు, ఆయన ముందొచ్చాడు.

నా చిన్నప్పుడు ఈ వరుసను కాంపౌండర్ సరిచేసేవాడు. చీటీలు రాస్తూనే బెంచీల వైపు ఓ కన్నేసి ఉంచేవాడు. ఆయాసపడే మనిషి కనబడితే "జర ఆగుండ్రి, ఈమెను ముందు పంపుత" అనేవాడు. నంబర్లు ఫోన్‌లోకి, యాప్‌లోకి వెళ్లాక ఆ చూపు పోయింది. నా దృష్టిలో అసలు నష్టం అదే.

బ్రిటన్ కూడా ఈ చిక్కులోనే పడింది. 1948లో అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు ఫ్యామిలీ డాక్టర్ల దగ్గర ఎక్కువగా ముందొచ్చినవాళ్లకే ముందు. అపాయింట్‌మెంట్లు 1960లలో బాగా వ్యాపించాయి. వాటితో పాటే రోజుల తరబడి ఎదురుచూపులూ వచ్చాయి. దాంతో 2004 కల్లా ఎవరైనా 48 గంటల్లో డాక్టర్ను కలవగలగాలని 2000లో ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. అది అందుకోవడానికి కొన్ని క్లినిక్‌లు ముందస్తు బుకింగులే ఆపేశాయి. వచ్చే వారం షుగర్ చూపించుకోవాలన్నా ఆ రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే. 2005 ఎన్నికల వేళ టీవీ చర్చలో జనం ప్రధాని టోనీ బ్లెయిర్‌నే దీనిపై నిలదీశారు. 2010లో ఆ లక్ష్యాన్ని ఎత్తేశారు.

నిజానికి ఆ ఆలోచన చెడ్డది కాదు. 1990లలో కాలిఫోర్నియాలో డాక్టర్ మార్క్ ముర్రే ముందు పేరుకుపోయిన బుకింగులను తీర్చి, ఆ తర్వాత రోజులో ఎక్కువ భాగం ఖాళీగా ఉంచి, ఇవాళ్టి రోగిని ఇవాళే చూసే పద్ధతి తెచ్చాడు. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోది ఎక్కబోతే కుదరదు.

హైదరాబాద్‌లో ప్రాణం మీదికొస్తే 2005 నుంచి 108 ఉంది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, కానీ పగటిపూట కూలికెళ్లే తల్లికి ఆ వేళలు కుదరవు. 108కి ఫోన్ చేసేంత కాదు, గురువారం అపాయింట్‌మెంట్ దాకా ఆగేంతా కాదు. అలాంటి జ్వరంతోనే ఆమె రాత్రి గల్లీ క్లినిక్ బెంచీ మీద కూర్చుంటుంది.

ఆగస్టు, సెప్టెంబరుల్లో డెంగీ మొదలైతే ఆ బెంచీలు చాలవు. బీపీ, షుగర్ నిలకడగా ఉన్నవాళ్లను జూలైలోనే చూసి, రెండు నెలల మందులు రాసిస్తే సాయంత్రాలు జ్వరాలకు మిగులుతాయి. టోకెన్లిచ్చే అమ్మాయికి కూడా ఏ లక్షణాలుంటే వెంటనే లోపలికి పంపాలో డాక్టర్ నేర్పాలి. ఆ పని చేసే అధికారమూ ఇవ్వాలి.