స్లో కుక్కర్ కొన్న పిల్లలకు

జయనగర్, బెంగళూరు

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీరు ముగ్గురూ కలిసి బెళ్లందూరు ఫ్లాట్‌కి స్లో కుక్కర్, అదే కరెంటు మీద గంటల తరబడి సన్న సెగతో ఉడికించే కుండ, కొన్నారట. కూర నీళ్లనీళ్లగా వచ్చిందని, పప్పేమో సాయంత్రం దాకా పెట్టినా పలుకుగానే ఉండిపోయిందని, దాన్ని తిరిగి పంపించేద్దామనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తొందరపడకండి. అందులో లోపమేమీ లేదు. ప్రెషర్ కుక్కర్ చేసే పని దాని చేత చేయించబోయారు, అంతే.

ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి లోపలే ఉండిపోయి ఒత్తిడి పెరుగుతుంది. దాంతో వేడి దాదాపు 120 డిగ్రీల దాకా పోతుంది. అందుకే నాలుగు విజిల్స్‌లో కందిపప్పు మెత్తబడుతుంది. స్లో కుక్కర్‌లో ఒత్తిడి లేదు కాబట్టి నీళ్లు మరిగే వేడిని మించి పోలేదు. మన బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కదా, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. చెన్నై వాళ్లు చెప్పిన టైముకి ఇంకో అరగంట కలుపుకోండి, గొడవుండదు. ఇంకో మాట. లో, హై అంటే గ్యాస్ మీద సిమ్ము, ఫుల్లు లాంటివి కావు. చాలా కుక్కర్లలో రెండూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి. హై పెడితే తొందరగా చేరుతుంది, లో పెడితే నిదానంగా చేరుతుంది. హైలో నాలుగు గంటలు పట్టేది లోలో ఏడెనిమిది గంటలు పడుతుంది. వార్మ్ అనేది వండిన దాన్ని వేడిగా ఉంచడానికే. దాని మీద పచ్చిది ఏదీ వండకండి.

ఇక మీ కూర సంగతి. స్లో కుక్కర్‌లో ఏదీ ఇగరదు. ఇది ఒక్కటి గుర్తుంటే సగం వంట వచ్చినట్టే. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే నీళ్లు ఆవిరై పోతాయి, గుజ్జు చిక్కబడుతుంది, నూనె పైకి తేలుతుంది. ఇందులో ఆవిరి మూతకి తగిలి మళ్లీ కూరలోకే కారుతుంది. దానికి తోడు ఉల్లిపాయలు, టమాటాలు, మాంసం కూడా నీళ్లు వదులుతాయి. పొయ్యి మీద రెండు గ్లాసులు పోసే చోట ఇందులో అర గ్లాసు చాలు. ఉడికిందో లేదో అని మాటిమాటికీ మూత తీసి చూడకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది.

అది వేయించదు కూడా. అల్లం వెల్లుల్లి ముద్దని పచ్చిగా వేస్తే ఎనిమిది గంటల తర్వాతా పచ్చివాసన పోదు. అందుకని వేయించే పని ముందు రోజు రాత్రే అవ్వాలి, చిక్కబరిచే పని మీరు ఆఫీసు నుంచి వచ్చాక అవ్వాలి. మధ్యలో ఉడికించడం ఒక్కటే కుక్కర్ వంతు.

అరకిలో మటన్ ఎలా చేయాలో చెప్తాను, మిగతావి మీకే వస్తాయి. మాంసం మెత్తగా ఉండేది తేవద్దు. ముదురు మాంసం, తొడ, భుజం, ఎముకతో ఉన్న ముక్కలు, నల్లి ఉంటే ఇంకా మంచిది. ఆ ముక్కల్లో ఉండే నార లాంటి పదార్థం గంటల తరబడి సన్న సెగ మీద ఉంటేనే కరిగి జిగురుగా మారుతుంది. కూరకి ఆ చిక్కదనం అక్కడి నుంచే వస్తుంది. పాయ ఇందులో అంత బాగా కుదిరేది కూడా అందుకే. బోన్‌లెస్ చికెన్ మాత్రం ఎనిమిది గంటలు పెడితే పీచు పీచై పోతుంది, దాన్ని పొయ్యి మీదే చేసుకోండి. సరే, రాత్రి భోజనాలయ్యాక బాణలిలో నూనె వేసి, రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి బాగా ఎర్రగా వేయించండి. అల్లం వెల్లుల్లి ముద్ద వేసి అడుగంటకుండా కలపండి. కారం, పసుపు, ధనియాల పొడి వేసి నూనె పక్కలకి వచ్చేదాకా వేయించి దించండి. చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మాంసం కడిగి వేరే డబ్బాలో పెట్టండి. మాంసాన్ని రాత్రే సగం వేయించి ఉంచడం వద్దు, సగం ఉడికిన మాంసం తొందరగా పాడవుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసి గట్టిగా ఉన్న ముక్కలు నేరుగా వేయడం కూడా వద్దు.

పొద్దున్న పది నిమిషాల పని. బంగాళాదుంప వేస్తే అది అడుగున, దాని మీద మాంసం, మసాలా, ఉప్పు, అర గ్లాసు నీళ్లు. దుంపలు ఇందులో మాంసం కంటే మొండిగా ఉడుకుతాయి, అందుకే వాటిని వేడికి దగ్గరగా అడుగున పెట్టాలి. గిన్నె సగానికి తగ్గకూడదు, మూడొంతుల్లో రెండొంతులు దాటకూడదు. లో మీద పెట్టి ఆఫీసుకి వెళ్లండి. ఎనిమిది గంటలయ్యాక వార్మ్‌కి మారే రకమైతే ఇంకో రెండు మూడు గంటలు అలా ఉన్నా ఏమీ కాదు. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారని టెన్షన్ పడక్కర్లేదు. ఇంటికొచ్చాక కూరని బాణలిలోకి వంపి, గసగసాలు, కొబ్బరి కలిపి నూరిన ముద్ద వేసి పెద్ద మంట మీద పది నిమిషాలు ఇగరనివ్వండి. గరం మసాలా, కొత్తిమీర దించేముందు. పొద్దున్నే వేసిన గరం మసాలాకి సాయంత్రానికి వాసన ఉండదు.

పప్పు ఎందుకు ఉడకలేదో ఇక్కడికే తెలిసింది. చింతపండు ముందే వేశారు కదూ? పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. టమాటా అయినా, మామిడికాయ అయినా అంతే. ప్రెషర్ కుక్కర్‌లో అంత వేడికి ఎలాగో సర్దుకుంటుంది, ఇందులో కుదరదు. పప్పు పూర్తిగా మెదిగాకే పులుపు వేయాలి. ఇంకోటి, మీ అపార్ట్‌మెంట్‌కి ట్యాంకర్ నీళ్లు వస్తాయి. అవి బోరు నీళ్లు, సున్నం ఎక్కువ. ఆ నీళ్లలో పప్పులు, గింజలు గట్టిగానే ఉండిపోతాయి. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ తాగే నీళ్లే వాడండి. అయినా మామూలు కందిపప్పుకి స్లో కుక్కర్ ఎందుకు చెప్పండి? పదిహేను నిమిషాల్లో ప్రెషర్ కుక్కర్‌లో అయిపోయే దానికి నాలుగు గంటలు పెట్టడం నాకు నచ్చదు. అన్నం, ఉప్మా కూడా ఇందులో వండొద్దు.

రాజ్మా విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, వినండి. ఎర్ర రాజ్మా గింజల్లో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుంది. సరిగ్గా మరిగిస్తేనే అది పోతుంది. స్లో కుక్కర్‌లో పచ్చి గింజలు వేసి వదిలేస్తే గింజ లోపల 75, 80 డిగ్రీల దగ్గరే ఆగిపోవచ్చు. ఆ వేడికి విషం పోకపోగా పచ్చి గింజలో కంటే ఎక్కువవుతుంది. నాలుగైదు గింజలు తిన్నా చాలు, కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కాబట్టి రాత్రంతా నానబెట్టండి, ఆ నీళ్లు పారబోయండి, కొత్త నీళ్లతో ప్రెషర్ కుక్కర్‌లో విజిల్స్ వచ్చేదాకా ఉడికించండి. ఆ తర్వాత కావాలంటే మసాలాతో స్లో కుక్కర్‌లో వేసుకోండి. శనగలు, బొబ్బర్లకి ఇంత భయం లేదు గానీ, వాటినీ ముందు పొయ్యి మీద పది నిమిషాలు కళపెళ మరిగించాకే వేయడం నా అలవాటు.

ఈ కుక్కర్ పుట్టిన కథ మీకు తెలుసో లేదో. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజినీరు దీనికి 1940లో పేటెంట్ తెచ్చుకున్నాడు. శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా యూదులు పొయ్యి ముట్టించి వంట చేయకూడదు. అందుకని లిథువేనియాలో వాళ్లమ్మ వాళ్ల ఊళ్లో, చిక్కుడు గింజలూ మాంసమూ వేసిన కుండని శుక్రవారం సాయంత్రమే రొట్టెల బట్టీలో పెట్టి వచ్చేవారట. బట్టీ చల్లారుతూ ఉంటే ఆ మిగిలిన వేడికి రాత్రంతా ఉడికేది. ఆ కథ విని ఈయన కరెంటు కుండ చేశాడు. 1971లో వేరే కంపెనీ క్రాక్ పాట్ అని పేరు పెట్టి అమ్మాక అది ఇంటింటికీ చేరింది. మన ఊళ్లో దాలిగుంటలో పిడకల సెగ మీద పాలు పొద్దస్తమానం కాగేవి, మీగడ ఎర్రగా అట్టు కట్టేది. మీరు చూసి ఉండరు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. ఇది తినేది తక్కువే, 200 వాట్లది ఎనిమిది గంటలు ఆగకుండా నడిచినా 1.6 యూనిట్లు. అయితే మధ్యలో కరెంటు పోయి వస్తే నాబ్ తిప్పే రకం దానంతటదే మళ్లీ మొదలవుతుంది, బటన్లు నొక్కే రకం చాలావరకు ఆగిపోయి అలాగే ఉంటుంది. మీది ఏ రకమో ఒక ఆదివారం ప్లగ్గు పీకి చూసుకోండి. మీరు లేనప్పుడు ఆగిపోయి, ఎంతసేపు ఆగిందో తెలియకపోతే మాంసం కూర పారేయండి. మళ్లీ వేడి చేసి తింటామనొద్దు. టైమర్ పెట్టి మధ్యాహ్నం మొదలయ్యేలా చేయడం కూడా మాంసానికి వద్దు. పచ్చి మాంసం అన్ని గంటలు బయట ఉండకూడదు, మన బెంగళూరు చల్లగా ఉంటుందనుకున్నా సరే.

చివరికి దాచుకున్నది ఉలవచారు. దీనికి పగలు కాదు, రాత్రి వాడండి. పొద్దున్న నానబెట్టిన పావుకిలో ఉలవల్ని రాత్రి పొయ్యి మీద పది నిమిషాలు మరిగించి, రెండు లీటర్ల నీళ్లతో లో మీద పెట్టి పడుకోండి. తెల్లారేసరికి ఆ నీళ్లు నల్లగా దిగి ఉంటాయి. వడకట్టండి. అది ఇగరాలి కాబట్టి మూత లేకుండా పొయ్యి మీద చింతపండు రసం, ఉప్పు, కొద్దిగా బెల్లం వేసి సగానికి పైగా ఇగిరేదాకా మరగనివ్వండి. ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు. మిగిలిన గింజల్ని పారేయకండి, ఉల్లిపాయతో తాలింపు పెడితే సాయంత్రం టీ దగ్గరికి సరిపోతాయి. అక్కడి కిరాణా కొట్లో ఉలవల్ని కన్నడంలో హురుళి కాళు అని అడగండి, ఇస్తారు. కానీ ఈ నెలాఖరున ఊరి నుంచి కొత్త ఉలవలు వస్తున్నాయి, రెండు కేజీలు మీకని చెప్పి ఉంచాను. ఎవరో ఒకరు వచ్చి పట్టుకెళ్లండి, వచ్చేటప్పుడు నా స్టీలు డబ్బాలు మర్చిపోకండి.

మీ పెద్దమ్మ