మోర్స్ పరీక్ష ఎవరు పెట్టిన షరతు? జెనీవా 2003 నుంచి వీయూ3 దాకా

మన దేశంలో హ్యామ్ రేడియోలో, అంటే అభిరుచి కోసం సొంత రేడియో స్టేషను నడపడంలో, జనరల్ గ్రేడ్ లైసెన్సు కావాలంటే నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ (చుక్కలు, గీతల శబ్దాలతో పంపే అక్షరాలు) విని రాయాలి, అదే వేగంతో కీ కొట్టి పంపాలి. ఆ పరీక్ష లేకుండా వచ్చేది రిస్ట్రిక్టెడ్ గ్రేడ్. 1885 టెలిగ్రాఫ్ చట్టం స్థానంలోకి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చాక, పాత చట్టం కింద పుట్టిన నియమాలను కొత్తదానికి తగ్గట్టు తిరగరాసే పని మొదలైంది. దాంతో 1978 అమెచ్యూర్ సర్వీస్ నియమాల్లో ఏది మిగలాలి, ఏది పోవాలి అన్న వాదన హ్యామ్‌ల మధ్య మళ్లీ రాజుకుంది. వేడంతా మోర్స్ చుట్టూనే ఉంది.

మోర్స్‌ను ఎవరు కనిపెట్టారు, మన దేశంలో తొలి హ్యామ్ ఎవరు అన్నవి చాలామందికి తెలిసినవే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 2003 వేసవిలో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటిదాకా 30 మెగాహెర్ట్జ్ దిగువన, అంటే షార్ట్‌వేవ్‌లో, ప్రసారం చేయదలచిన హ్యామ్‌కు మోర్స్ వచ్చి తీరాలని అంతర్జాతీయ రేడియో నియమావళే చెప్పేది. ఏ దేశానికీ అందులో ఎంపిక లేదు. కారణం కూడా బలమైనదే. షార్ట్‌వేవ్ సరిహద్దులు ఎరగదు. ఒక హ్యామ్ పొరపాటున ఓడల సందేశాలకు అడ్డుపడితే, అవతలి ఆపరేటరు మోర్స్‌లో ‘ఆపు’ అన్నప్పుడు అది ఇతనికి అర్థం కావాలి. అయితే 1999 ఫిబ్రవరి 1 నాటికి ఓడలు ఉపగ్రహాలతో, డిజిటల్ పిలుపులతో నడిచే కొత్త ఆపద వ్యవస్థకు పూర్తిగా మారిపోయాయి. 500 కిలోహెర్ట్జ్ మీద చెవి ఒగ్గి కూర్చునే మోర్స్ కాపలాకు కాలం చెల్లింది. షరతు మిగిలింది, దాని వెనకున్న కారణం పోయింది.

జెనీవాలో ఆ నియమావళిలోని 25.5వ నిబంధనను మార్చి, మోర్స్ పరీక్ష పెట్టాలో వద్దో ఆయా ప్రభుత్వాలే తేల్చుకోవాలన్నారు. 2003 జూలై 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. స్విట్జర్లాండ్, బ్రిటన్, జర్మనీ ఆ ఏడాదే పరీక్ష తీసేశాయి. అమెరికా అప్పటికే, 2000 ఏప్రిల్‌లో, అన్ని తరగతులకూ వేగాన్ని 5 మాటలకు దించింది. 2007 ఫిబ్రవరి 23న పూర్తిగా ఎత్తేసింది. 7100–7200 కిలోహెర్ట్జ్ ముక్కను మన ప్రాంతపు హ్యామ్‌లకు ఇవ్వాలని నిర్ణయించిందీ ఆ సమావేశమే. 2009 మార్చి నుంచి 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండు రెట్టింపైంది అందువల్లే.

అసలు మలుపు ఇదే. 2003 జూలై దాకా మోర్స్ అనేది ప్రపంచం మన మీద పెట్టిన షరతు. ఆ తర్వాత అది మనకు మనం పెట్టుకున్న షరతు.

మన దగ్గర 1978 నియమాల్లో పై గ్రేడులకు 12 మాటల వేగం, గ్రేడ్-2కు 5 మాటలు ఉండేవి. జెనీవా తర్వాత సవరణలు వచ్చాయి. అవి పూర్తయ్యేసరికి పాత గ్రేడులన్నీ కలిసి రెండే మిగిలాయి: 8 మాటల మోర్స్‌తో జనరల్, మోర్స్ లేకుండా రిస్ట్రిక్టెడ్. మొదటివాళ్ల కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు పేరు) వీయూ2తో, రెండోవాళ్లది వీయూ3తో మొదలవుతుంది. షార్ట్‌వేవ్‌లో రిస్ట్రిక్టెడ్‌కు 50 వాట్లు, జనరల్‌కు గరిష్ఠంగా 400 వాట్లు. మోర్స్ రానివాళ్లకు షార్ట్‌వేవ్ తలుపు తెరవడం పెద్ద మేలే, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ అదే సవరణ మోర్స్‌ను ఒక హోదా గుర్తుగా మార్చేసింది. కాల్‌సైన్‌లో ఒక్క అంకె వినగానే ఎవరు పరీక్ష రాశారో, ఎవరు రాయలేదో బ్యాండంతటికీ తెలిసిపోతుంది.

వాట్ల తేడా చూడండి. 400ను 50తో భాగిస్తే 8, అంటే 9 డెసిబెల్స్. రిసీవర్ మీటరులో ఒక్కో ఎస్ యూనిట్ 6 డెసిబెల్స్ కనుక, అవతలి స్టేషనులో సూది కదిలేది ఒకటిన్నర గీత. డైపోల్ యాంటెన్నాను నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పన్నెండు మీటర్లకు లేపితే దూరపు స్టేషన్లకు దాదాపు ఆ లాభం వస్తుంది. కాబట్టి వీయూ3 వాళ్ల మనసులో ఉన్నది వాట్ల బాధ కాదు.

మోర్స్ ఉండాలనేవాళ్లు చెప్పేదాంట్లోనూ పస ఉంది. కొద్దిపాటి విద్యుత్తుతో, రెండు ట్రాన్సిస్టర్ల పెట్టెతో కూడా మోర్స్ సముద్రాలు దాటుతుంది. తుపానుకు అన్నీ కూలినప్పుడు అదే చివరి దారి అంటారు. కష్టపడి నేర్చుకున్నవాడే ఈ విద్యను నిలబెడతాడని కూడా అంటారు. వాళ్లు తరచూ గుర్తుచేసేది 2004 డిసెంబరు 26. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అప్పటికే అండమాన్‌లో ఉంది. సునామీకి ఫోన్లు మూగబోతే ఆ రేడియోలే ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య వంతెన అయ్యాయి. నిజమే. అయితే ఆ రోజు పనికొచ్చింది అనుమతి చేతిలో ఉండటం, యాంటెన్నా కట్టి ఉండటం, రోజూ వందల స్టేషన్లతో మాట్లాడిన అలవాటు. వినికిడి పరీక్షలో వచ్చిన మార్కులతో వాటికి ముడి పెట్టలేం. బలహీన సంకేతాల మాటకొస్తే, 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ డిజిటల్ పద్ధతి చెవికి అందని, రొదకు 20 డెసిబెల్స్ కిందున్న సంకేతాన్ని కూడా 15 సెకన్ల విడతల్లో చదువుతుంది.

ఇంతకీ 8 మాటలంటే ఎంత? ఐదు అక్షరాలు ఒక మాట. ఐదు నిమిషాల పరీక్షకు 200 అక్షరాలు. అంకె, విరామచిహ్నం ఒక్కొక్కటి రెండు అక్షరాల కింద లెక్క. ఈ వేగంలో ఒక డిట్ (చుక్క) 150 మిల్లీసెకన్లు, ఒక డా (గీత) 450. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున రెండు మూడు నెలలు కూర్చుంటే చాలామందికి వస్తుంది. తప్పేవాళ్లు తప్పేది ఎక్కువగా నేర్చుకునే పద్ధతి వల్ల. చుక్కలూ గీతల పట్టిక చూసి బట్టీ పడితే మెదడు డిట్‌లు లెక్కపెడుతుంది. ఎస్‌కు మూడు, హెచ్‌కు నాలుగు, ఐదంకెకు ఐదు అని లెక్కపెట్టేలోపు తర్వాతి అక్షరం వచ్చి పడుతుంది. అందుకే కె, ఎం రెండింటితో మొదలెట్టి, అక్షరాన్ని 15–18 మాటల వేగంతో మోగిస్తూ, మధ్య ఖాళీ మాత్రం పెంచాలి. పదింటికి తొమ్మిది సరిగ్గా వచ్చాకే మూడో అక్షరం కలపాలి. ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. పరీక్షలో అక్షరాన్నే 8 మాటల వేగంతో సాగదీస్తే, వేగంగా వినడం అలవాటైన చెవికి అది ముక్కలుగా వినిపిస్తుంది. ఆఖరి పది రోజులు సాగిన వేగంతోనే వినాలి.

పంపడంలో దెబ్బతినేది ఖాళీల దగ్గర. ‘ఎ’కు డి-డా, ‘ఎన్’కు డా-డిట్. మధ్యలో మూడు డిట్‌ల ఖాళీ మింగేస్తే రెండూ కలిసి డి-డా-డా-డిట్, అంటే ‘పి’ అవుతుంది. స్ట్రెయిట్ కీ మీద వేళ్లతో పొడిచేవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది. కదలిక మణికట్టు నుంచి రావాలి. కీ పాయింట్ల మధ్య సందు పోస్టుకార్డు మందం ఉంటే సరిపోతుంది.

ఇదంతా నేర్చుకోదగ్గ విద్యే, నేర్చుకుంటే ఆనందమూ ఉంది. కానీ కొత్త స్టేషన్లు బ్యాండును పాడుచేసేది మోర్స్ రాకపోవడం వల్ల కాదు. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ పొడవు 143ను 7.1తో భాగిస్తే వచ్చే 20 మీటర్లు అని తెలిసినా, బాలన్ (కేబుల్ పైతొడుగు మీద కరెంటు పారకుండా ఆపే భాగం) లేకుండా కేబుల్ తగిలిస్తారు. ఆ కోయాక్స్ కేబుల్ పైతొడుగు వెంట ఆర్‌ఎఫ్ (రేడియో శక్తి) ఇంట్లోకి దిగి మైకులో గరగర పుడుతుంది. ఎఫ్‌టీ8లో ఏఎల్‌సీ (ప్రసార స్థాయి అదుపు) సూది లేచేదాకా ఆడియో పెంచుతారు. పక్కన పని చేసుకుంటున్న వాళ్ల మీద చెత్త సంకేతాలు చిమ్ముతాయి. పరీక్షలో ఇవి చేయించి చూస్తే ఉపయోగం. బ్రిటన్ 2002లో తెచ్చిన ఫౌండేషన్ లైసెన్సు దారి అలాంటిదే. అప్పట్లో 10 వాట్లు. స్టేషను కలిపి, సర్ది, మరొకరి పర్యవేక్షణలో మాట్లాడి చూపించాల్సి ఉండేది. మోర్స్ రుచి మాత్రం చూపించేవారు, అదీ పట్టిక చూసుకుంటూ.

జపాన్ ఇంకా ముందే, 1950ల చివర, మోర్స్ లేకుండా మైకుతో మాట్లాడే 10 వాట్ల లైసెన్సు తెచ్చింది. అక్కడి హ్యామ్ స్టేషన్లు ఒక దశలో పది లక్షలు దాటాయి. యాయెసు, ఐకామ్, కెన్‌వుడ్ లాంటి రేడియో కంపెనీలకు పెద్ద సొంత మార్కెట్టు దొరికింది అక్కడే.

అలాంటి సత్తా మన దగ్గర లేదనడానికి వీల్లేదు. హైదరాబాద్‌కు చెందిన అష్‌హర్ ఫర్హాన్ రూపకల్పన చేసిన బిట్ఎక్స్ రిగ్‌ను (రేడియో సెట్టును) ప్రపంచమంతటా వేలమంది సొంతంగా కట్టుకున్నారు. 20 మీటర్ల బ్యాండు కోసం చేసిన తొలి రూపంలో కాయిల్ చుట్టడానికి కుళాయి వాషర్ సరిపోయేది, చివర ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టరు, సుమారు 6 వాట్లు. అది మైకుతో మాట్లాడే సైడ్‌బ్యాండ్ రిగ్. 2016లో 40 మీటర్లకు తయారు బోర్డుగా వచ్చింది. వీయూ3 పరిమితిలో ఏడోవంతు శక్తి కూడా దానికి అవసరం లేదు. మోర్స్ పరీక్ష జోలికి పోని కుర్రాడు సోల్డరింగ్ ఐరన్‌తో దీన్ని కట్టి, ఏ దశలో సంకేతం ఆగిందో ప్రోబ్‌తో వెతికి పట్టుకుంటే, అతన్ని పరిమిత గ్రేడు అని పిలవడానికి సాంకేతిక కారణం దొరకదు.

కొత్త నియమాలు రాసేవారి ముందు మోర్స్‌తోపాటు మరో ముడి కూడా ఉంది. పరీక్ష నెగ్గితే వచ్చేది ఆపరేటరు సర్టిఫికెట్ మాత్రమే. దానితో గాల్లోకి వెళ్లడానికి లేదు. లైసెన్సుకు విడిగా దరఖాస్తు, పోలీసు విచారణ, ఆ తర్వాత కాల్‌సైన్. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లోకి మారినా విచారణ మెట్టు అలాగే ఉంది. జెనీవాలో 25.5 పక్కనే 25.9ఏ అని ఇంకో నిబంధన చేర్చారు: విపత్తుల్లో సాయపడేలా హ్యామ్‌లు ముందుగానే సిద్ధం కావడానికి ప్రభుత్వాలు ప్రోత్సాహమివ్వాలని. మోర్స్ మీద వాదించే ఇరుపక్షాలూ దాని ఊసెత్తడం తక్కువ. సర్టిఫికెట్ చేతికొచ్చి, లైసెన్సు రాక, రిగ్‌ను అట్టపెట్టెలోనే ఉంచుకున్నవాళ్లకు మాత్రం ముందుగా కావాల్సింది అదే.