మే నెలలో సెన్సర్లన్నీ ఒకేసారి చెడిపోవు

ఎండలు ముదిరిన కొద్దీ నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "డిష్‌వాషర్‌లో టెంపరేచర్ సెన్సర్ పోయిందట. పది కిలో ఓమ్‌లు చూపించాల్సింది అయిదున్నరే చూపిస్తోందట. మార్పించమంటారా?" హనుమకొండ నుంచీ ఇదే ప్రశ్న, కరీంనగర్ నుంచీ ఇదే ప్రశ్న. వద్దండీ, ఇంకా ఏదీ మార్పించకండి.

అపోహ: మల్టీమీటరులో పది కిలో ఓమ్‌లు రాకపోతే సెన్సర్ పోయినట్టే.

వాస్తవం: ఆ పది అన్నది 25 డిగ్రీల దగ్గర ఉండే విలువ. మే నెల మధ్యాహ్నం మన వంటింట్లో 25 డిగ్రీలు ఎక్కడ ఉంటాయి? ఈ సెన్సర్ ఎన్‌టీసీ రకం. వేడి పెరిగితే దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది, అందుకే దాన్ని అక్కడ పెట్టారు. ఓమ్‌లు ఆ నిరోధానికి కొలత. మామూలు పది కిలో ఓమ్‌ల సెన్సర్ 40 డిగ్రీల గదిలో సుమారు 5.3 చూపిస్తుంది. సంక్రాంతి ముందు చలి పొద్దున, 15 డిగ్రీల దగ్గర, దాదాపు 16 చూపిస్తుంది. 60 డిగ్రీల నీళ్లలో రెండున్నరకు దిగుతుంది. మూడూ సరైన అంకెలే. పైగా అన్ని మోడళ్లలో పది కిలో ఓమ్‌లదే ఉండదు, 50 కిలో ఓమ్‌లవీ ఉన్నాయి. గదిలో వేడి ఎంతో చూడకుండా, ఆ మోడల్‌కు ఏ వేడి దగ్గర ఎన్ని ఓమ్‌లో చెప్పే పట్టిక తిరగేయకుండా తీర్పు చెప్పేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ తీర్పుకు డబ్బు కట్టేది ఇంటివాళ్లు.

నయీంనగర్‌లో ఒక రిటైరైన టీచరమ్మ ఒంటరిగా ఉంటారు. మోకాళ్ల నొప్పులతో సింకు దగ్గర నిలబడలేకపోతున్నారని కొడుకు డిష్‌వాషర్ కొనిచ్చారు. కిందటి వేసవిలో అది ఎర్రర్ కోడ్ చూపి ఆగిపోయింది, గిన్నెల జిడ్డు వదలడం లేదు. ఎవరో వచ్చి మీటరు పెట్టి, 5.6 చూసి, సెన్సర్ మార్చారు. కొత్తది కూడా 5.6 చూపించింది. అక్కడైనా ఆగి ఆలోచించాలి కదా! ఆలోచించకుండా, మిషన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నారు. బోర్డు ధర విని ఆమె హడలిపోయారు. "బిడ్డా, పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయమంటావా?" అని నన్ను అడిగారు.

ప్లగ్గు పీకేసి కింది పలక విప్పాను. హీటరు 27 ఓమ్‌లు చూపించింది. రెండు వేల వాట్ల హీటరుకు అది సరైన లెక్కే. దానికి వెళ్లే తీగ చివరి క్లిప్పు మాత్రం మాడి నల్లబడి ఉంది. కరెంటు అందక నీళ్లు వేడెక్కడం లేదు. ఆ సంగతి ఉన్నదున్నట్టు బోర్డుకు చెప్పిన సెన్సర్‌నే అందరూ దోషిని చేశారు. క్లిప్పు మార్చి మిషన్ నడిపాను, నీళ్లు వేడెక్కాయి. విప్పేసిన పాత సెన్సర్‌ను ఆమె డబ్బాలో దాచారు. దాన్ని వేడి నీళ్ల గ్లాసులో ముంచి మీటరు ఆమె చేతికే ఇచ్చాను. అంకె మూడు కంటే కిందికి దిగడం కళ్లారా చూశాక, "అంటే ఇది బాగానే ఉందన్నమాట" అని చాలాసేపు దానివైపే చూశారు.

అసలు పరీక్ష ఆ గ్లాసులోనే ఉంది. నేను పని నేర్చుకున్న ఉస్తాద్ టీ గ్లాసు, థర్మామీటరు లేకుండా ఏ ఇంటికీ వెళ్లేవారు కాదు. ముందు ప్లగ్గు పీకండి, బటన్ ఆపితే చాలదు. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి కొలవండి. బోర్డుకు తగిలి ఉండగా కొలిస్తే బోర్డులోని నిరోధం కూడా కలిసిపోయి తప్పుడు అంకె వస్తుంది. చెమట పట్టిన వేళ్లతో మీటరు తీగల మొనలు (ప్రోబులు) రెండింటినీ పట్టుకున్నా అంతే. సెన్సర్ మొన మాత్రమే నీళ్లలో మునగాలి, కనెక్టర్ పొడిగా ఉండాలి. నీళ్లు వేడెక్కుతుంటే అంకె నిదానంగా, ఆగకుండా దిగాలి. మధ్యలో గెంతినా, ఉన్నచోటే కదలకపోయినా, ఏదో ఒక వేడి దగ్గర తెగిపోయినట్టు చూపినా అప్పుడు మార్చండి. లోపల సన్నటి పగులు ఉన్న సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు చక్కగా చూపిస్తుంది, వేడిలోనే దొరికిపోతుంది. అందుకే ఒక్కసారి కొలిచి "బాగుంది" అనడం కూడా నాకు నచ్చదు. కనెక్టర్ పిన్నులకు పచ్చటి తుప్పు పట్టిందేమో, తీగను ఎలుక కొరికిందేమో కూడా చూడండి.

అపోహ: గీజరు నీళ్లు కలిపితే సెన్సర్‌తో పనిలేదు. అది తప్పు, లోపం అలాగే ఉంటుంది. సెన్సర్ తీగ తెగి ఉంటే ఎంత వేడి నీళ్లు ఇచ్చినా బోర్డు కోడ్ చూపి ఆగుతుంది.

అపోహ: పది నిమిషాలకు తలుపు తీస్తే నీళ్లు చల్లగా ఉన్నాయి, కాబట్టి పాడైంది. చాలా ప్రోగ్రాముల్లో మొదటి కడుగు చల్లటి నీళ్లతోనే జరుగుతుంది. కంగారు పడకండి, అసలు కడుగు మొదలయ్యాక చూడండి.

అపోహ: బోర్ నీళ్లకు సెన్సర్ కాలిపోతుంది. కాలదు. దాని మీద తెల్లటి సున్నపు పొర పేరుకుని వేడిని ఆలస్యంగా పసిగడుతుంది. నిమ్మ ఉప్పు వేసి ఖాళీ మిషన్‌ను వేడి ప్రోగ్రాములో ఒకసారి నడపండి. నీళ్లలోని సున్నాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్‌లో డిష్‌వాషర్ ఉప్పే పోయండి, కూరల్లో వేసే మెత్తటి ఉప్పు వద్దు, అది గడ్డకట్టి దారి మూసేస్తుంది.